ఏడో పువ్వు దాకా

ఎస్టర్‌సుండ్, సరస్సు ఒడ్డున
14 జూన్ 1986

రగ్నక్కా,

బతికే ఉన్నాను. ఈ ముక్క మొదట రాయకపోతే మిగతాది నువ్వు చదవవని తెలుసు. వ్యాను కూడా బతికే ఉంది. నువ్వు శపించినట్టు మొదటి ఎత్తు దగ్గర ఆగిపోలేదు, రెండో ఎత్తు దగ్గర ఆగింది. ఎవర్ట్ దిగి, ముందు మూత తెరిచి, దాన్ని కాసేపు బుజ్జగించాడు. మళ్లీ కదిలింది. ఈ మనిషి మనుషులతో కంటే బండ్లతో బాగా మాట్లాడతాడు.

ఇన్నేళ్లు మన వీధుల్లో రొట్టెలు తిప్పిన బండి కదా, ఎండ పడితే చాలు, గోడల్లోంచి ఏలకుల వాసన లేస్తుంది. రొట్టెల అరలు ఉన్నచోట ఇప్పుడు అటొకటి ఇటొకటి పడక బల్లలు, మధ్యలో తెర. తెర సంగతి ఎందుకు రాస్తున్నానంటే, పక్కింటి హుల్డా ఎలాగూ నిన్ను ఆరా తీస్తుంది. తెర ఉందని, మందంగా ఉందని, దాన్ని కుట్టింది సాక్షాత్తూ నువ్వేనని చెప్పు.

అసలు ఈ సీట్లో కూర్చోవలసింది నువ్వు. "నడివేసవి పండక్కి ఉత్తరానికి పోదాం రగ్నా, అర్ధరాత్రి సూర్యుణ్ణి చూద్దాం" అని ఎవర్ట్ టోపీ చేత్తో పట్టుకుని పిలిచింది నిన్ను. నువ్వేమో "నేను లేకపోతే ఊరి పూలస్తంభానికి దండలు ఎవరు కడతారు?" అని, బళ్లో పిల్లల్ని బెంచీ మార్చినట్టు నన్ను ఎక్కించేశావు. నాకేం, సంతోషమే. మా ఆయన హెల్గే పోయాక పళ్ల డాక్టరు దగ్గరికి తప్ప నేను ఊరు దాటింది లేదు.

తిండికి లోటు లేదు. నేను ఆవ పెట్టి ఊరబెట్టిన హెర్రింగ్ చేపలు పెద్ద సీసాడు తెచ్చానా, ఎవర్ట్ వాటి మొహం చూడటం లేదు. మూత తీస్తే చాలు, వ్యాను దిగి అవతలికి పోతాడు. "ముప్ఫై ఏళ్లుగా నీ పండగ బల్లకి ఆ చివర ఎందుకు కూచున్నాననుకున్నావు?" అన్నాడు. నేను మర్యాద అనుకున్నాను.

ఇంకో సంగతి, నవ్వకు. ఇవాళ ఇక్కడి దుకాణంలో ఎవర్ట్ ఒక నీలం ఉన్ని శాలువా పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నా భుజాల మీద కప్పి, రెండడుగులు వెనక్కి వేసి చూసి, "సరిపోతుందా?" అన్నాడు. సరిపోతుందన్నాను. కొని, కాగితంలో చుట్టించి, తన పడక కింద పెట్టేశాడు. నాకింకా ఇవ్వలేదు. పండగ నాటికి ఇస్తాడేమో. అరవై రెండేళ్ల వయసులో నాకు చెవులు వేడెక్కాయంటే నమ్ముతావా?

ఫోన్ చెయ్యమన్నావు. ఈ క్యాంపులో ఫోన్ కౌంటరు మీద ఉంది, పక్కన స్నానాల గదికి క్యూ. అంతమంది మధ్య ఇవన్నీ ఎలా అరవను? జవాబు జొక్‌మొక్ పోస్టాఫీసుకి రాయి, వెళ్లి తీసుకుంటాను.

నీ బెంచీ మారిన చెల్లెలు,
దాగ్నీ


నూర్‌బాకా
16 జూన్ 1986

దాగ్నీకి,

ఉత్తరం అందింది. నలభై ఏళ్లు పిల్లలకి రాత నేర్పిన నేను సొంత చెల్లెలి రాత బాగుచెయ్యలేకపోయాను. "చెవులు వేడెక్కాయి" అన్నచోట అక్షరాలు గీత దాటి పైకి పోయాయి.

శాలువా నీకే అయి ఉంటుంది. ఇంకెవరికి కొంటాడు, వ్యానుకా? ఒక్కటి మాత్రం చెబుతున్నాను, నీలం నీకు నప్పదు. నీలం కప్పుకుంటే జ్వరం నుంచి లేచినదానిలా ఉంటావు. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ మనిషికి రంగులు తెలియకపోతే నువ్వయినా చెప్పాలి కదా.

నేను రాననడానికి పూలస్తంభం ఒక్కటే కారణం. ఇంకేదో ఉందని దారి పొడుగునా ఊహలు అల్లకు. బర్చ్ చెట్ల కొమ్మలు కోయించాను, దండలకు పూలు చాలడం లేదు. హుల్డా ఈసారి కాగితం పూలు కలుపుదామంటోంది. నా శవం మీద కలపమన్నాను.

నిన్న పొద్దున గేటు తీసి నిలబడ్డాను. రొట్టెల బండి వచ్చే వేళ కదా, కాళ్లు వాటంతట అవే వెళ్లాయి. ఎవర్ట్ రొట్టెలు మానేసి ఏడాదైంది, కాళ్లకి ఇంకా తెలిసినట్టు లేదు. హుల్డా చూసి "ఎవరి కోసం?" అంది. పోస్టు కోసం అన్నాను. పోస్టు మధ్యాహ్నం వస్తుందని దానికీ తెలుసు.

ఎవర్ట్‌కి ఒక మాట చెప్పు. తెర కుట్టి ఇవ్వడంతో నా పని అయిపోయింది. ఇక మీదట నన్నేమీ అడగవద్దని చెప్పు.

దోమల మందు పెట్టె అడుగున ఉంది, నేనే పెట్టాను.

రగ్న


జొక్‌మొక్
18 జూన్ 1986

అక్కా,

దోమల మందు పెట్టావు సరే, దాన్ని ఇక్కడి దోమలు చప్పరిస్తున్నాయి. ఆర్కిటిక్ వలయం దాటినచోట తెల్లరాళ్లు వరసగా పేర్చి ఉన్నాయి. అక్కడ దిగి ఫోటో తీసుకుందామంటే రోడ్డుకి అడ్డంగా రెయిండీర్లు పడుకున్నాయి. ఎవర్ట్ హారన్ కొట్టడు. "వాళ్ల ఊరు ఇది" అని ఇంజన్ ఆపి కాఫీ పెట్టాడు. రెండో కప్పు అయ్యాక అవి లేచాయి.

నీ ఉత్తరం అన్నం బల్ల దగ్గరే చదివాను, పైకే చదివాను. ఎవర్ట్ కొత్త బంగాళాదుంపలు తింటూ గేటు సంగతి దగ్గర నవ్వాడు. "ఇక మీదట నన్నేమీ అడగవద్దని చెప్పు" అన్నచోట ఫోర్కు కింద పెట్టాడు. దుంప సగంలో వదిలేశాడు. ఎవర్ట్ దుంప వదిలెయ్యడం ఎప్పుడైనా చూశావా? అప్పటి నుంచి "ఊఁ", "సరే", "కాఫీ" తప్ప మాటే లేదు.

నాకు తోచింది చెబుతాను. సిగ్గు అయి ఉంటుంది. నా దగ్గర ఏదో అనాలని ఉంది, నోరు పెగలడం లేదు. అందుకని అడుగుతున్నాను అక్కా, నిజం చెప్పు. నీకు అభ్యంతరం లేదు కదా? ఆ రోజు ఎవర్ట్ టోపీ చేత్తో పట్టుకుని వస్తే నువ్వు తలుపు సగమే తీశావు. ఆ సగం నాకు అర్థం కాలేదు. లేదంటే లేదని రాయి, నా మనసు తేలికవుతుంది. గెల్లివరె పోస్టాఫీసుకి రాయి.

ఇంకోటి. పండగ రాత్రి గెల్లివరె కొండ మీద నేను ఏడు పూలు కోస్తాను. పడి పడి నవ్వు, పరవాలేదు. మన ఆడపిల్లలందరం కోసినవాళ్లమే. ఏడు రకాల పూలు, మొదటిది కోసినప్పటి నుంచి ఏడోది కోసేదాకా నోట్లోంచి మాట రాకూడదు. దిండు కింద పెట్టుకుంటే చేసుకోబోయేవాడు కలలోకి వస్తాడు. నీకు గుర్తుందా, నీ పదహారో ఏట ఐదో పువ్వు దగ్గర నన్ను తిట్టడానికి నోరు తెరిచావు? అందుకే నీకు పెళ్లి కాలేదని అమ్మ చచ్చేదాకా నన్నే అనేది. నేను నీ గౌను మీద కప్పని వేసిన మాట నిజమే. కానీ కప్పకే అంత తిట్టాలా?

దోమలు తినగా మిగిలిన,
దాగ్నీ


నూర్‌బాకా
21 జూన్ 1986

దాగ్నీకి,

అభ్యంతరమా? నాకా? నేనెవర్ని? అరవై ఏడేళ్ల రిటైర్డ్ టీచర్ని. హాయిగా ఉండండి. పూలు కోసుకో, దిండు కింద పెట్టుకో, దిండంతా ఎరువు చేసుకో. కప్ప సంగతి మాత్రం నేను క్షమించలేదు. అది ఒక్క కప్ప కాదు, రెండు.

నిన్న పండగ జరిగింది. జరిగిందని అందరూ అంటున్నారు. దండలు బాగా కుదిరాయి, కాగితం పూలు ఒక్కటీ లేదు. స్తంభం ఎత్తే వేళకి అందరూ కర్రలు పట్టుకుని నిలబడ్డారు, నిలబడే ఉన్నారు. ఎవరూ కదలరు. "ఎత్తండి... ఆగండి... ఎత్తండి" అని పాతికేళ్లుగా కేక వేసేది ఎవర్ట్ అని అప్పుడు గుర్తొచ్చింది జనానికి. హుల్డా మొగుడు ముందుకొచ్చాడు. "ఎత్తండి" అన్నాడు కానీ "ఆగండి" అనడం మరిచిపోయాడు. స్తంభం పాస్టరు గారి మీదికి వెళ్లింది, ఆయన తప్పుకున్నాడు. వెనక్కి లాగితే ఫిడేలు వాయించేవాళ్ల మీదికి వెళ్లింది. చివరికి ఒకచోట ఆగింది. ఇంక దాన్ని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

వంకరగా ఉంది. ఎటు వంగిందో చెప్పనా? ఎవర్ట్ ఇంటి వైపు. ఊరంతా చూసింది. ఒక్కరూ ఏమీ అనలేదు, మన ఊరివాళ్లు కదా. హుల్డా మాత్రం నాకు వినపడేలా గొంతు సవరించుకుంది.

పిల్లలు కప్పగంతుల ఆట ఆడుతుంటే నేను బల్ల దగ్గర కూర్చున్నాను. ఆవ పెట్టిన చేపలు ఈసారి హుల్డా చేసింది, తియ్యగా తగలడ్డాయి. బల్లకి ఆ చివర కుర్చీ ఖాళీగా ఉంది. వాన ఏమీ పడలేదు. అయినా ఎందుకో త్వరగా ఇంటికి వచ్చేశాను. వచ్చి ఏడ్చాను. ఎందుకని అడగకు, ఉల్లిపాయలు తరిగాననుకో.

నీలం నప్పకపోయినా కప్పుకో. అక్కడ చలి.

రగ్న


గెల్లివరె, కొండ కింద క్యాంపు
21 జూన్ 1986

అక్కా,

కూర్చుని చదువు. కాఫీ పక్కన పెట్టుకోకు, ఒలుకుతుంది.

నిన్న కొండ మీదికి వెళ్లాం. ఫిడేళ్లు వాయిస్తున్నారు, ఊరు ఊరంతా పైన ఉంది. అర్ధరాత్రి అయినా సూర్యుడు కొండ అంచు మీద కూర్చుని కదలడం లేదు. నేను పక్కకి పోయి పూలు మొదలెట్టాను. నాలుగు పూర్తయ్యాయి. వెనక అడుగుల చప్పుడు. ఎవర్ట్, చేతిలో ఆ కాగితం పొట్లం.

"దాగ్నీ, ఒక మాట అడగాలి. దారంతా అడుగుదామనే అనుకుంటున్నా. మీ అక్క ఉంది చూశావూ..."

నేను ఐదో పువ్వు పట్టుకుని నిలబడ్డాను.

"ఈ శాలువా ఆవిడకే కొన్నా. భుజాలు మీ ఇద్దరివీ ఒకటేనని నీ మీద వేసి చూశా. తిరిగి వెళ్లాక అడుగుదామని. పెళ్లి సంగతి. నువ్వు తోడబుట్టినదానివి, నీకు తెలుస్తుంది. ఒప్పుకుంటుందా? ఒక్క మాట చెప్పు చాలు. లేదంటే ఏమీ అనకు, నాకు అర్థమైపోతుంది."

ఏమీ అనకు! అక్కా, నా నోట్లో మాట పళ్లదాకా వచ్చింది. మరి పూలో? ఇంకా రెండు ఉన్నాయి. ఒక్క నిమిషం ఆగమని చెయ్యి ఊపాను. చెయ్యి ఊపడం ఆ మనిషికి "వద్దు" లా కనిపించింది. తల ఊపాను. కొండ మీద గాలి, జుట్టంతా మొహం మీద, ఎటు ఊపానో నాకే తెలియదు. "సరే. అడగొద్దని రానే రాసింది కదా, నేనే వినలేదు" అని టోపీ పెట్టుకుని కాఫీ పెట్టడానికి వెళ్లిపోయాడు.

నిజం చెబుతున్నాను, మొదట నాకు కష్టంగానే అనిపించింది. శాలువా నాది కాదు. ఆరు రోజులు చెవులు వేడెక్కించుకుని తిరిగాను కదా. ఆ రెండు పూలూ పట్టుదలకి కోశాను. కోసి, పరుగెత్తుకుని వచ్చి, "ఎవర్ట్, నేను ఏడు పూలు కోస్తున్నా, అందుకే మాట్లాడలేదు" అన్నాను. నన్ను జాలిగా చూశాడు. "మనవలున్నదానివి, ఏడు పూలేమిటి దాగ్నీ? నన్ను నొప్పించకూడదని ఏదో చెబుతున్నావు. మంచిదానివి" అన్నాడు. ప్రమాణం చేసినా నమ్మడే! వాడిపోయిన పూలు చూపించాను. కాఫీ పోసి ఇచ్చాడు.

పూలు దిండు కిందే పెట్టుకున్నాను. కల చెప్పకూడదంటారు, అయినా చెబుతున్నాను. కలలోకి వచ్చింది నువ్వు. గేటు దగ్గర, చేతిలో రొట్టెల సంచీతో నిలబడి నన్ను తిడుతున్నావు. మెలకువ వచ్చాక నీ ఉత్తరం మళ్లీ తీసి చదివాను. నీ కాళ్లకి తెలియలేదని రాశావే, కాళ్లు కాదు అక్కా అది. నాకు ఇప్పుడు తెలిసింది, ఇంత ఆలస్యంగా. నీలం నాకు నప్పదని అంత కోపంగా ఎందుకు రాశావో కూడా తెలిసింది.

ఇప్పుడు అసలు సంగతి. ఎవర్ట్ మన ఊరు రాడట. నన్ను రైలెక్కించి, తను నార్వేలోని నార్విక్‌లో ఉన్న పినతండ్రి కొడుకు దగ్గరికి పోతాడట. అక్కడే ఉండిపోతాడట, ఇల్లు అమ్మించమని పాస్టరుకి రాస్తాడట. ఈ పొద్దున బయల్దేరవలసింది. తాళంచెవి కనిపించక ఆగాడు. వ్యానంతా వెతికాడు, పరుపులు దులిపాడు, నా బూట్లలో కూడా చూశాడు. ఒక్కచోట మాత్రం చూడడు, చచ్చినా చూడడు. ఆవ పెట్టిన చేపల సీసాలో.

కానీ ఎన్నాళ్లు దాచగలను? ఊళ్లోకి కబురు పెడితే కొత్త తాళం చేసేవాడు వస్తాడు. నువ్వే రా. నేను నీ తరఫున ఏ మాటా చెప్పలేను. చెప్పినా నమ్మడు.

నోరు మూసుకుని కొంప ముంచిన నీ చెల్లెలు,
దాగ్నీ


నూర్‌బాకా
23 జూన్ 1986

ఒసే పిచ్చిదానా,

పుట్టిన దగ్గర నుంచి నోరు మూయమని నేను లక్షసార్లు చెప్పి ఉంటాను. మూయవలసిన ఒక్కసారి తెరుస్తావు, తెరవవలసిన ఒక్కసారి మూస్తావు.

అభ్యంతరం ఉంది. ముందు రాసింది అబద్ధం. ఉల్లిపాయలూ అబద్ధమే. తలుపు సగం ఎందుకు తీశానంటే, పూర్తిగా తీస్తే నేను ఆ వ్యాను ఎక్కేస్తానని భయం వేసింది. ఈ వయసులో ఊరు నవ్వుతుందనుకున్నాను. ఊరు నవ్వలేదు, స్తంభం వంకరగా పెట్టి కూర్చుంది.

రేపు రైలెక్కుతున్నాను. ఈ ఉత్తరం ముందు చేరుతుందో, నేను ముందు చేరతానో తెలియదు. రైలు దిగగానే నువ్వు అదే రైల్లో వెనక్కి ఎక్కు. నీ ఎదుట నాకు మాటలు రావు. సీసా మూత గట్టిగా పెట్టు.

దండల పనంతా హుల్డాకి అప్పగించాను. వచ్చే ఏడు కాగితం పూలు పెట్టుకోమన్నాను. అది కాఫీ సగంలో వదిలేసి ఊళ్లోకి పరుగెత్తింది.

రగ్న


నూర్‌బాకా
28 జూన్ 1986

అక్కా,

ఇంటికి చేరాను. నీ ఉత్తరం నీకంటే ఒక పూట ముందు అందబట్టి సరిపోయింది. ఎవరైనా తోడబుట్టినవాళ్లు అలా కలుసుకుంటారా? రైలు మెట్ల మీద నువ్వు దిగుతూ "తాళం ఎక్కడ?" అన్నావు. "అడుగున, చేపల కింద" అన్నాను. నన్ను ఎక్కించి, తలుపు వేసి, తిరిగి చూడకుండా నడిచిపోయావు. సంచీ ఒక భుజాన, దువ్విన జుట్టు. చర్చికి కూడా నువ్వు అంత శ్రద్ధగా దువ్వుకోవు.

తర్వాత ఏమైంది? ఎవర్ట్ ఏమన్నాడు? నువ్వేమన్నావు? ఒక్క ముక్కయినా రాయవేం? హుల్డా రోజూ కాఫీకి వచ్చి కూర్చుంటోంది. నాకు తెలియదంటే నమ్మడం లేదు. నాకు నిజంగానే తెలియదు, అదే నాకు మంట.

స్తంభం ఇంకా అటే వంగి ఉంది. ఎవర్ట్ కిటికీ కింద కుండీలకి నేను నీళ్లు పోస్తున్నాను. పాస్టరుకి ఏ ఉత్తరమూ రాలేదట. అది మంచి కబురేనా? ఆబిస్కో వైపు వెళితే అక్కడి పోస్టాఫీసులో చూస్తావని ఈ ఉత్తరం పంపుతున్నాను. రాయి. రాయకపోతే ఆవ చేపలు ఇంకో సీసా పట్టుకుని నేనే వస్తాను.

గోళ్లు కొరుక్కుంటున్న,
దాగ్నీ


ఆబిస్కో, సరస్సు ఒడ్డున
2 జూలై 1986

దాగ్నీ,

నీ బెదిరింపు అందింది. చేపలు పంపకు, ఉన్నవే పారబోశాం. తాళంచెవి ఎంత కడిగినా వాసన పోలేదు. ఆయన బండి నడుపుతున్నంతసేపూ తల కిటికీ బయట పెడుతున్నారు.

నేను వెళ్లేసరికి ఆయన సీటు కింద తలదూర్చి వెతుకుతున్నారు. కాళ్లు మాత్రమే బయటికి ఉన్నాయి. నేను మాట్లాడకుండా సీసా తెరిచాను. వాసనకి బయటికి వచ్చి, నన్ను చూసి, మళ్లీ లోపలికి పోబోయారు. తాళంచెవి తీసి చేతి రుమాలుతో తుడిచి ఇచ్చాను. "ఎటు?" అన్నారు. "నువ్వు పిలిచిన చోటికే" అన్నాను.

అంతే. ఆ తర్వాత రోజుల తరబడి ఏమీ అడగలేదు. కాఫీ పెట్టడం, బండిని బుజ్జగించడం, "ఊఁ" అనడం. చివరికి నాకే విసుగొచ్చి, "ఏమైనా అడిగేది ఉందా, లేదా?" అన్నాను. "నన్నేమీ అడగొద్దన్నావుగా" అన్నారు. ఇన్నేళ్ల టీచరు ఉద్యోగంలో నా మాట అంత బుద్ధిగా విన్న విద్యార్థి లేడు. ఆ మాట వెనక్కి తీసుకున్నానన్నాను.

నిన్న రాత్రి సరస్సు గట్టున ఆయన శాలువా నా భుజాల మీద కప్పారు. నీలం నీకు నప్పదని ముందే చెప్పాను కదా. అప్పుడు గొంతు సవరించుకుని అడిగారు, సరిగ్గా, తడబడకుండా, మొత్తం వాక్యం. నాకు ఏమైందో తెలియదు. నా చెయ్యి వంగి ఒక పువ్వు కోసింది.

ఆయన మొహం నువ్వు చూడాలి. నేను రెండోది కోశాను. నా వెనకే వస్తున్నారు, చేతిలో కాఫీ కుండ. "రగ్నా?" అన్నారు. మూడోది. "అంటే లేదనా?" నాలుగోది. అప్పుడు నిలబడిపోయి, పూల వంక చూసి, నా వంక చూసి, "దాగ్నీ చెప్పింది నిజమేనా!" అన్నారు. అప్పటి నుంచి నాకంటే ముందు వెళ్లి, కొత్త రకం ఎక్కడ కనిపిస్తే అక్కడ వేలితో చూపించారు. ఐదో పువ్వు దగ్గర నా మెడ మీద ఏకంగా మూడు దోమలు కుట్టాయి. నోరు విప్పలేదు. నీ కప్పలు గుర్తొచ్చాయి, అయినా విప్పలేదు. ఏడోది కోసి, అవునన్నాను.

పండగ ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు పూలేమిటని నువ్వంటావు. ఇక్కడ ఆ రోజు సూర్యుడు ఇంకా అస్తమించలేదు దాగ్నీ. పగలు గడవనిదే పండగ గడిచిందని ఎలా అంటాం? నాకు తెలిసి ఇది ఇంకా ఆ రాత్రే.

నేను ఏడ్చాను. ఈసారి ఉల్లిపాయలు లేవు. నీ నోరు ఆ నిమిషం మూసుకుపోకపోతే ఆయన ఇంటికి వచ్చి మర్యాదగా అడిగేవారు, నేను మర్యాదగా సగం తలుపు వేసేదాన్ని. కాబట్టి కప్పల్ని క్షమించాను, రెంటినీ. శాలువా కూడా, ఆరు రోజులు నీదనుకున్నావు కదా, చలికాలం ఆరు రోజులు అప్పిస్తాను.

పూలు దిండు కింద పెట్టుకున్నాను. కలలోకి ఎవరూ రాలేదు. పక్కన ఆ గురకకి నిద్ర పట్టే ప్రశ్నే లేదు.

నీ అక్క,
రగ్న

మరిచాను. హుల్డా తెర సంగతి అడిగితే, ఉతకడానికి తీశామని చెప్పు.